హంగరీ పాస్తా ఇంట్లో వండాలంటే: తూరోష్ చుసనా, క్యాబేజీ తేస్తానా? ఏది మేలు?

బుడాపెస్ట్‌లో మూడేళ్లు ఉండి వచ్చానని తెలియగానే వంట మీద ఇష్టం ఉన్నవాళ్లు తూరోష్ చుస గురించి అడుగుతారు. ఫొటోల్లో అది నోరూరిస్తుంది మరి. వెడల్పాటి పాస్తా ముక్కలు, వాటి మీద తెల్లగా పొడిపొడిగా రాలిన తూరో అనే పుల్లటి విరుగుడు, ఆపైన కరకరలాడే పందికొవ్వు ముక్కలు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: తూరో బదులు పనీరు వేస్తే సరిపోతుందా? సరిపోదు. అందుకే ముందు క్యాబేజీ పాస్తా చేసి చూడండి, ఒక క్యాబేజీ కొనుక్కోండి అంటాను.

హంగరీ వాళ్లకు తేస్తా అంటే కలిపిన పిండి, పాస్తా కూడా. గుడ్లు కలిపిన పాస్తా అక్కడ ఎక్కువ. కిలోకు నాలుగు గుడ్లా, ఎనిమిదా అన్నది పొట్లం మీదే రాసి ఉంటుంది. ముందు చిక్కటి సూపు తాగి, తరువాత ఒక పళ్లెం తేస్తాతో భోజనం ముగించడం అక్కడి ఇళ్లలో మామూలు. ఇంట్లో చేసుకోవాలంటే మైదాలో గుడ్లు కలిపి, చపాతీలా పల్చగా వత్తాలి. చుసకు ఆ రొట్టెను చేత్తో వంకరటింకరగా చింపుతారు, క్యాబేజీ తేస్తాకు చిన్న చదరాలుగా కోస్తారు. ఈ పని రెండింటికీ సమానమే. తేడా అంతా పాస్తాలో కలిపే వాటిలో ఉంది.

చుసకు ప్రాణం తూరో. పాలు పులిసి తోడుకున్నాక సన్నని సెగ మీద గోరువెచ్చగా కాచి, తేట వార్చేస్తే మిగిలే మెత్తని పులుపు విరుగుడు అది. పనీరు అలా కాదు. మరిగే పాలను విరగ్గొడతాం కాబట్టి రబ్బరులా గట్టిపడుతుంది, పులుపు ఉండదు. తురిమి కలిపితే పాస్తాను అంటుకోకుండా పంటి కింద కిచకిచలాడుతుంది. కావాలంటే తూరోను ఇంట్లోనే చేసుకోవచ్చు. బాగా పులిసిన పెరుగును, వేలు పెడితే ఓర్చుకోగలిగే వేడి మీద, కదపకుండా ఉంచండి. పచ్చటి తేట విడివడగానే గుడ్డలో పోసి వేలాడదీయండి. లీటరు పెరుగుకు పావుకిలో లోపే వస్తుంది. నలుగురికి అరకిలో తూరో కావాలి, అంటే రెండు లీటర్ల పైమాటే.

చుస మీద పోసే తెయ్‌ఫోల్ అనే పుల్లటి మీగడ మాత్రం మనకు కొత్తేమీ కాదు. పేరులోనే పాల మీద తేలేది అనే అర్థం ఉంది. వెన్న కోసం మనం పోగుచేసుకునే పెరుగు మీద మీగడ దానికి చాలా దగ్గర. దాన్ని పొయ్యి మీద మాత్రం మరిగించకూడదు, విరిగిపోతుంది.

ఇక పొగబెట్టిన పందికొవ్వు. అది పైన చల్లే అలంకారం మాత్రమే కాదు, కరిగిన కొవ్వునే పాస్తాకు పట్టిస్తారు. శాకాహారులు నెయ్యి వాడితే తినబుద్ధేస్తుంది కానీ ఆ పొగ వాసన రాదు. కొవ్వు ముక్కలు మానేసి పొడి చక్కెర చల్లుకునేవారు హంగరీలోనూ ఉన్నారు. ఉప్మాలో చక్కెర నంజుకునేవారిని మనం ఎలా చూస్తామో, ఉప్పు చుస తినేవారు వాళ్లను అలాగే చూస్తారు. మరో మాట: అక్కడ కారం పాప్రికాతో ఎర్రగా కాచిన చేపల సూపు హలాస్లే తాగాక చుస తినడం ఆనవాయితీ. చేపల మీద పెరుగు తింటే ఏదో అయిపోతుందని పెరిగిన నేను, మొదటిసారి ఆ రెండూ తిని రాత్రంతా ఒంటి మీద దద్దుర్ల కోసం వెతుక్కున్నాను. ఏమీ కాలేదు.

కాపోస్తాష్ తేస్తా, అంటే క్యాబేజీ పాస్తాకు ఈ బాధలేవీ లేవు. కిలో క్యాబేజీ, అరకిలో లోపు పాస్తా, నూనె, రెండు చెంచాల చక్కెర, ఉప్పు, మిరియాలు. దేనికీ మరొకటి వెతకక్కర్లేదు. కానీ ఇది కూర కాదన్న సంగతి గుర్తుండాలి. నేను మొదటిసారి అలవాటు కొద్దీ మూత పెట్టి మగ్గించాను. వాసన మెట్లదాకా వెళ్లింది, పాస్తా నీళ్లోడింది. పక్క వాటాలో ఉండే నేని (పెద్దావిడను అక్కడ అలాగే పిలుస్తారు, మన పెద్దమ్మలా) గిన్నెలోకి చూసి, ఏమీ అనకుండా తన మూకుడు తెచ్చింది. ఆవిడ పద్ధతి ఇది: క్యాబేజీ తురిమి, ఉప్పు కలిపి అరగంట ఉంచి, పిడికిలితో గట్టిగా పిండాలి. వేడి నూనెలో చక్కెర ఎర్రబడగానే క్యాబేజీ వేసి, మూత లేకుండా, కలుపుతూ వేయించాలి. అయిపోయిందని నేను రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. ముప్పావు గంటకు మూకుడు నిండా ఉన్నది గుప్పెడంత అయి, బెల్లం రంగుకు తిరిగింది. అప్పుడు ఉడికిన పాస్తా కలిపి, చేతికి అడ్డులేకుండా మిరియాల పొడి చల్లింది. తీపి, ఘాటు కలిసిన ఆ రుచికి మన నాలుక వెంటనే ఒప్పుకుంటుంది.

గసగసాల పాస్తా, మాకోష్ తేస్తా సంగతి రెండు ముక్కల్లో. పొడి చక్కెర, పొడి కొట్టిన గసగసాలు వేడి పాస్తాకు పట్టిస్తే అయిపోతుంది. పిల్లలు తింటారు. వాళ్లవి నీలి గసగసాలు, మనవి తెల్లవి, పైగా మన దగ్గర ఖరీదు. దుబాయ్‌లో ఉన్న బంధువులు దీన్ని మరిచిపోవడం మంచిది, అక్కడ గసగసాలు నిషేధం.

కాబట్టి నా ఓటు క్యాబేజీకే. పందికొవ్వు తినేవారై, పెరుగు వేలాడదీసే ఓపిక ఉంటే ఆదివారం చుస చేయండి. కానీ ఆ పూటకే తినేయాలి, మర్నాటికి మీగడంతా పాస్తా పీల్చేసుకుని ముద్దయిపోతుంది. క్యాబేజీ పాస్తా మిగిలితే పొద్దున్నే మూకుట్లో మళ్లీ వేయించండి, అడుగున కాస్త మాడిన ముక్కల కోసం మా ఇంట్లో పోటీ.