రెడీమేడ్ బూటబుల్ పెన్‌డ్రైవ్ కొనే ముందు ఇది చదవండి

మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు పోయాయి. ఇక తిరిగి రావు. మీలో ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను.

లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసుకుందామని ఆన్‌లైన్‌లో వెతికితే "విండోస్ 11 బూటబుల్ పెన్‌డ్రైవ్, 128 జీబీ, లైఫ్‌టైమ్ యాక్టివేషన్" అని ఒకటి (అంటే, లాప్‌టాప్‌ను దాని నుంచే ఆన్ చేసి విండోస్ వేసుకోగలిగే పెన్‌డ్రైవ్) కనిపించింది. 599 రూపాయలు. వచ్చాక చూస్తే దాని మీద కంపెనీ పేరు కూడా లేదు. అక్కడే ఆగాల్సింది.

విండోస్ ఫైళ్లు పోను ఇంకా బోలెడు జాగా చూపిస్తోంది. దాంతో లాప్‌టాప్‌లోని ఫొటోలు, వీడియోలు, సుమారు 60 జీబీ, అందులోకే కాపీ చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు. ఫోల్డర్ తెరిస్తే పేర్లన్నీ ఉన్నాయి. ఆ నమ్మకంతో పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి (అంటే ఆన్ చేసి) లాప్‌టాప్ డిస్క్ మొత్తం తుడిచేశాను, విండోస్ చక్కగా పడింది. నాలుగు రోజుల తర్వాత ఫొటోలు వెనక్కి తెచ్చుకోబోతే మొదట కాపీ అయిన కొన్ని తప్ప ఏదీ తెరుచుకోలేదు.

డేటా రికవరీ చేసే అతను చూసి చెప్పాడు: "ఇవి డిలీట్ అవలేదండి, అసలు ఇందులో పడనే లేదు. పడనిదాన్ని ఎక్కడి నుంచి తీస్తాం?" హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే నిజంగా పనిచేసేది 16 జీబీ లోపే అని తేలింది. ఇలాంటివాటిలో పెన్‌డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్‌లోని ప్రోగ్రామ్‌ను మార్చి, ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చెప్పిస్తారట. కంప్యూటర్ ఆ మాటే నమ్ముతుంది. అసలు జాగా నిండాక పంపిందంతా గాలికి పోతుంది, లేదా పాతదాని మీదే పడుతుంది. విండోస్ ఫైళ్లు ముందే వేసి ఉండడం వల్ల అవి నిజమైన జాగాలోనే ఉన్నాయి, అందుకే బూట్‌లో ఏ తేడా తెలియలేదు. ఫైళ్ల పేర్ల పట్టిక కూడా అక్కడే ఉండి ఉంటుంది, అందుకే పేర్లన్నీ కనిపించాయి.

ఆ విండోస్ అయినా సరైనది కాదు. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆపేసి ఉంది. ఆన్ చేయగానే యాక్టివేషన్ కోసం పెట్టిన ఫైలును ప్రమాదకరమని పట్టుకుంది. అలాంటి సిస్టంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టానని తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది. వేరే ఫోన్ నుంచి అన్నీ మార్చుకున్నాను.

ఇంతకీ ఇవన్నీ డబ్బు పెట్టి కొనాల్సినవే కావు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇలాంటి పెన్‌డ్రైవ్ తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్ ఉచితం, 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ చాలు (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి). ఉబుంటు లాంటి లినక్స్‌లైతే ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసేదంతా ఒకే ఫైలుగా) దించుకుని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. లాప్‌టాప్‌తో పాటు ఒరిజినల్ విండోస్ వచ్చి ఉంటే, అదే ఎడిషన్ మళ్లీ వేసి నెట్ కలిపితే మామూలుగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. దేని నుంచి ఆన్ అవ్వాలో ఎంచుకునే బూట్ మెనూకి, ఆన్ చేయగానే నొక్కాల్సిన కీ డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9.

పెన్‌డ్రైవ్‌తో నాకు వచ్చిన కాగితంలో "సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి" అని కూడా ఉంది (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగని ప్రోగ్రామ్‌లను అడ్డుకునే సెట్టింగ్ అది). దయచేసి ఆ మాట వినకండి. అసలైన విండోస్ పెన్‌డ్రైవ్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బూట్ అవుతుంది, ఉబుంటు కూడా అంతే. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్‌ను కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది దగ్గర లేకపోతే మీ డిస్కే మీకు తెరుచుకోదు. బయాస్‌లో (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) ఏది ముట్టుకోవాలన్నా ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి.

కొత్త పెన్‌డ్రైవ్ ఏదైనా సరే, ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి పూర్తిగా పరీక్షించండి. విండోస్ వాళ్లకు పైన చెప్పిన హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్ వాళ్లకు ఎఫ్3 అనే ప్రోగ్రామ్ ఉన్నాయి. పెద్ద డ్రైవ్ అయితే గంటలు పడుతుంది, అయినా రాత్రి పెట్టి పడుకోండి. రిటర్న్ గడువు దాటకముందే చేయండి. నేను ఫిర్యాదు చేసేసరికి గడువు అయిపోయిందని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇంకా జవాబు రాలేదు, రాగానే ఇక్కడే రాస్తాను. ఈలోపు ఎవరైనా ఇలాంటిది కొని ఉంటే, అందులోని ఫైళ్లను ఇప్పుడే ఒక్కొక్కటి తెరిచి చూసుకోండి. లాప్‌టాప్‌లోని అసలు కాపీని మాత్రం తుడవకండి.