విల్ లీవా, విల్ హావ్ లెఫ్టా?

మా పిన్ని కొడుకు ద్వారకానగర్‌లో ఇంటర్వ్యూ కోచింగ్‌కి వెళ్తున్నాడు. మొన్న ఆదివారం, గాజువాక నుంచి స్టేషన్‌కి బయల్దేరిన ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాడు: "బై ద టైమ్ యు విల్ కమ్, ద ట్రైన్ విల్ లీవ్." పెట్టాక "సరిగ్గానే ఉందా అన్నయ్యా?" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. షీలానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి విషయం అర్థమయ్యే ఉంటుంది. వాక్యంలో మాత్రం రెండు తప్పులు.

"విల్ లీవ్" అంటే బండి ఇంకా ఉందేమో, పరిగెడితే దొరుకుతుందేమో అన్న ఆశ మిగులుతుంది. "విల్ బి లీవింగ్" అంటే అప్పుడే కదులుతూ ఉంటుంది. "విల్ హావ్ లెఫ్ట్" అన్నామా, వెళ్ళిపోయి ఉంటుంది. ఆటోకి ఇంకో యాభై ఎక్కువిచ్చినా లాభం లేదు.

ఈ "విల్ హావ్ లెఫ్ట్"నే ఫ్యూచర్ పర్ఫెక్ట్ అని బోర్డు మీద రాసి భయపెడతారు గానీ, అది మన నోట్లో రోజూ ఆడేదే. తినేసి ఉంటాడు, పడుకుని ఉంటుంది. "ఈపాటికి అనకాపల్లి దాటేసి ఉంటుంది" అని ఊహించి చెప్పేటప్పుడూ అంతే: "ఇట్ విల్ హావ్ క్రాస్డ్ అనకాపల్లి బై నౌ." పేరులో ఫ్యూచర్ ఉన్నా చెప్పేది అయిపోయిన సంగతే.

మనం జారేది వేరే చోట. "వచ్చేసరికి" అన్న మాటకి కాలం లేదు; నిన్నటికీ రేపటికీ అదే మాట. ఇంగ్లీషులో అక్కడ ఏదో ఒక కాలం పెట్టక తప్పదు, జరగబోయేదే కదా అని మనం విల్ తగిలిస్తాం. బై ద టైమ్ పక్కన విల్ పెట్టకూడదు, "యు కమ్" చాలు. విల్ ఉండాల్సింది బండి వైపు.

ఇంకో చోట తెలుగు అసలు సాయపడదు. "వచ్చే జూన్‌కి మావయ్య స్టీల్ ప్లాంట్‌లో చేరి పాతికేళ్ళవుతుంది" అంటాం, ఇందులో "ఉంటుంది" లేనే లేదు. ఇంగ్లీషులో మాత్రం "బై జూన్ హి విల్ హావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ ట్వంటీ ఫైవ్ ఇయర్స్." "హి విల్ వర్క్ ఫర్ ట్వంటీ ఫైవ్ ఇయర్స్" అంటే ఇకమీదట పాతికేళ్ళు చేయాలి, పాపం. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి 2051లో 125 ఏళ్ళు నిండుతాయి. అక్కడా "బై ద ఎండ్ ఆఫ్ 2051" అని మొదలుపెడితే "విల్ హావ్ కంప్లీటెడ్" అనాలి.

మరి ఏది మేలు? ఆఫీసు మెయిల్‌కి "ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే" హాయిగా సరిపోతుంది. పని ఒకటే, గడువు ఒకటే. రెండు పనుల్లో ఏది ముందు అయిపోతుందో తేల్చాల్సి వస్తే నా ఓటు విల్ హావ్‌కే. మాట్లాడేటప్పుడు నోరు తిరగకపోతే "ద ట్రైన్ విల్ బి గాన్" అనేయండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇదంతా వాడికి చెప్పి, మెసేజ్ సరిచేయించి పంపించేసరికి అవతలి నుంచి జవాబు వచ్చేసింది: "బండెక్కీసాన్రా బాబూ."