కట్టుడు పళ్ళతో మింగడం: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

పైనా కిందా రెండూ పూర్తి సెట్లే వాడుతున్నాను, చాలా ఏళ్ళుగా. కట్టుడు పళ్ళ గురించి ఎవర్నడిగినా నమలడం ఎలా ఉంది, మాట ఎలా వస్తోంది అనే చెబుతారు. మింగడం సంగతి ఎవరూ ఎత్తరు. నాకు తేడా బాగా తెలిసింది అక్కడే.

గుటక వేసేటప్పుడు నాలుక ముద్దని అంగిలికి అదిమి వెనక్కి తోస్తుంది. పై సెట్టు పెట్టుకుంటే ఆ అంగిలి మొత్తం ప్లాస్టిక్ పలక కిందకి పోతుంది. ముద్ద నలిగిందా, లోపల గింజో ఎముక ముక్కో ఉందా అన్నది ఇక నాలుక ఒక్కటే పసిగట్టాలి. వేడి కూడా అంతే, గొంతు దిగుతుంటే గానీ చురుక్కుమనదు. అందుకే చిన్న ముద్దలు, నిదానంగా నమలడం నాకు అలవాటైపోయింది.

అసలు పేచీ కింది సెట్టుది. పైది అంగిలిని కరుచుకుని లాలాజలపు పల్చటి పొర మీద నిలుస్తుంది. కిందిదానికి ఆనుకునే చోటే తక్కువ, పైగా మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది. వదులైతే దాన్ని జారకుండా పట్టుకునే పని నాలుక మీదా బుగ్గల మీదా పడుతుంది. ముద్దని తొయ్యాల్సిందీ ఆ నాలుకే. సగం నలిగిన ముద్ద నోట్లో ఉండగా నీళ్ళు తాగితే నాకు పొలమారేది సరిగ్గా ఇందుకే.

అలాగని తీసేసి తినడమూ మేలు కాదు. గుటక పడే క్షణంలో పై పళ్ళూ కింది పళ్ళూ కలిసి దవడ నిలబడాలి, అప్పుడే నాలుకకి పట్టు దొరుకుతుంది. పళ్ళు లేకపోతే దవడ మరీ పైకి వచ్చేస్తుంది, నాలుక పక్కలకి పరుచుకుంటుంది. సెట్టు సరిగ్గా కూర్చుంటే పెట్టుకునే తినాలన్నది నా గట్టి అభిప్రాయం.

కానీ ఆ కూర్చోవడం శాశ్వతం కాదు. పళ్ళు తీశాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది, మొదటి ఏడాది మరీ ఎక్కువ, పై దవడకన్నా కింది దవడలో ఎక్కువ. నా సెట్టు వదులైందని మొదట చెప్పింది మాత్రలు. సెట్టు అంచు కిందకి జారి అక్కడే కరిగిపోయేవి, నోరంతా చేదు. రీలైనింగ్ (చిగుళ్ళకి సరిపోయేలా సెట్టు లోపలి వైపు కొత్త పొర వేయడం) చేయించాక ఆ బాధ పోయింది. అతికించే పేస్టుతో ఏళ్ళు నెట్టుకురావద్దు. జింకు ఉన్న పేస్టు ఏళ్ళ తరబడి అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతినొచ్చు.

రాత్రి మాత్రం తీసేయాల్సిందే. 85 ఏళ్ళు నిండిన 524 మందిని పరిశీలించి జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, పళ్ళు పెట్టుకుని నిద్రపోయేవాళ్ళకి న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు.

పొలమారడం ప్రతిసారీ పళ్ళ వల్లే అనుకోకండి. పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లోనూ మింగడం దెబ్బతింటుంది. తిన్నాక గొంతు తడిగా గరగరమంటున్నా, బరువు తగ్గుతున్నా డాక్టరుకి చూపించుకోండి.

కొత్త సెట్టు పెట్టించుకునే రోజు కుర్చీలోంచి లేవకముందే నీళ్ళు తాగి చూడండి. గుటకకి కింది సెట్టు లేస్తోందా, పై సెట్టు వెనక అంచు తగిలి ఓకరింపు వస్తోందా, అక్కడికక్కడే చెప్పండి. అంచు కాస్త అరగదీయడం వాళ్ళకి కొద్ది నిమిషాల పని.