వడ్డీ లేని అప్పు: మురాబహా, ముషారకా, ఖర్జె హసనా – ఏది మేలు?

ఇస్లామిక్ ఫైనాన్స్ మాట ఎత్తగానే చాలామంది అడిగేది ఒకటే: వడ్డీ తీసుకోకపోతే బ్యాంకు ఎలా బతుకుతుంది? ఇస్లాం వద్దన్నది రిబాను, అంటే డబ్బు అప్పిచ్చి ఆ డబ్బు మీద అదనం రాబట్టడాన్ని. వ్యాపారం చేసి లాభం తీసుకోవడానికి అభ్యంతరం లేదు. అందుకని బ్యాంకు సరుకు కొని మీకు అమ్మవచ్చు, అది మురాబహా. మీతో కలిసి వాటా పెట్టవచ్చు, అది ముషారకా. లేదా లాభం ఊసే లేకుండా చేబదులుగా ఇవ్వవచ్చు, అది ఖర్జె హసనా. తీసుకునే మనిషి వైపు నుంచి చూస్తే వీటిలో ఏది మేలో ఇక్కడ చూద్దాం.

లోకంలో ఎక్కువగా నడుస్తున్నది మురాబహా. నిజామాబాద్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కి వెళ్లి అక్కడ కారు కొన్నవాళ్లలో కొందరు ఆ కాగితాల మీద సంతకం పెట్టే ఉంటారు. పద్ధతి ఇది: బ్యాంకు షోరూమ్‌లో బండి కొంటుంది, ఎంతకు కొన్నదీ మీకు చెబుతుంది, తన లాభం కలిపి వాయిదాల మీద మీకు అమ్ముతుంది. ఒక లెక్క వేద్దాం. ఆటో 2,40,000 రూపాయలు. బ్యాంకు మీకు 2,88,000కి అమ్మి, నెలకు 12,000 చొప్పున 24 నెలలు కట్టమంది. ఏడాదికి 10 శాతమే కదా అనిపిస్తుంది. కానీ బాకీ నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి, మన ఊళ్ల లెక్కలో ఇది నూటికి రూపాయిన్నర వడ్డీతో సమానం. ఏడాదికి 18 శాతం పైమాటే. లాభం అని పిలిచినంత మాత్రాన జేబులోంచి పోయేది తగ్గదు.

అలాగని ఇదంతా పేరు మార్పే అని కొట్టిపారేయలేను. బండి బ్యాంకు చేతిలో ఉండగా పాడైతే నష్టం బ్యాంకుదే అంటారు గానీ, పొద్దున కొని సాయంత్రానికి అమ్మేసే చోట ఆ రిస్కు ఎంతసేపు? అసలు తేడా వేరే ఉంది. ఒకసారి ఖరారైన ధర ఇక పెరగదు. నాలుగు వాయిదాలు తప్పినా బాకీ 2,88,000 దాటదు. ఆలస్యానికి జరిమానా వేసినా ఆ డబ్బు బ్యాంకు లాభంలో కలవకూడదు, దానధర్మాలకు పోవాలి. చక్రవడ్డీ కింద పొలం పోగొట్టుకున్న ఇంట్లో పుట్టినవాళ్లకు, 2015లో విజయవాడ కాల్ మనీ వ్యవహారం గుర్తున్నవాళ్లకు, ఈ ఒక్క షరతు విలువ చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ధర పెరగదు సరే, ముందే తీర్చేస్తే తగ్గుతుందా? మలేషియాలో ఈ గొడవ కోర్టుకెక్కింది. ఇంటి కోసం ఇలాగే ధర ఖరారు చేసుకున్న మనిషి మధ్యలో కట్టలేకపోతే, ఇంకా రాని ఏళ్ల లాభం కూడా కక్కమని బ్యాంకు పట్టుబట్టింది. అక్కడి హైకోర్టు కుదరదంది. తర్వాత ఆ దేశ కేంద్ర బ్యాంకు ముందే తీర్చేవాళ్లకు తగ్గింపు ఇవ్వాల్సిందేనని నిబంధన పెట్టింది. మురాబహాలోకి వెళ్లేవాళ్లు ముందుగా చదవాల్సిన పేరా ఇదే.

చేతికి నగదే కావాలనుకున్నవాళ్ల కోసం బ్యాంకులు తవర్రుఖ్ అని ఇంకోటి కనిపెట్టాయి. మీరు ఎన్నడూ చూడని లోహాన్నో పామాయిల్‌నో మీ పేరున వాయిదాల మీద కొన్నట్టు, వెంటనే నగదుకి అమ్మేసినట్టు కాగితాలు నడుస్తాయి. ఇలా బ్యాంకే అన్నీ ఏర్పాటు చేసే పద్ధతి చెల్లదని 2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల సంస్థ, తేల్చింది. బ్యాంకులు మానలేదు.

ముషారకాకు వస్తే, సిద్ధాంతం రాసిన పండితులందరికీ ఇదే ముద్దుబిడ్డ. లాభం వస్తే అనుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి, నష్టం వస్తే ఎవరు పెట్టిన పెట్టుబడి మేరకు వాళ్లు మోయాలి. మన రైతులకు ఇది కొత్తేం కాదు. పొలం గుత్తకిస్తే పంట పండినా ఎండినా కౌలు కట్టాల్సిందే, అది వడ్డీ లాంటిది. పాలుకిస్తే పండినదాంట్లోనే పంపకం. పాలు న్యాయంగా ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు, అయినా భూమి ఉన్నవాడు గుత్త వైపే మొగ్గు చూపుతాడు. ఎందుకంటే పాలు అంటే నూర్పిళ్ల రోజున కళ్లం దగ్గర కాపలా కాయాలి. బ్యాంకు బాధ కూడా అదే. కిరాణా కొట్టు లాభం ఎంతో తేల్చాలంటే లెక్కల పుస్తకం కావాలి, అది నిజం చెప్పాలి. చూపించే లెక్క ఒకటి, ఇంట్లో దాచే లెక్క ఇంకోటి ఉన్నచోట ముషారకా బతకదు. పేదవాడికి అన్నిటికంటే మేలు చేయాల్సిన పద్ధతి పేదవాడి దగ్గరికే రాలేకపోవడం నాకు బాధ కలిగించే సంగతి.

ఇళ్ల విషయంలో మాత్రం దీనికో రూపం నిలబడింది. బ్యాంకు, మీరు కలిసి ఇల్లు కొంటారు. బ్యాంకు వాటాకు మీరు అద్దె కడుతూ, ఆ వాటాను ముక్కలు ముక్కలుగా కొనేసుకుంటారు. ఇది తగ్గుతూ వచ్చే ముషారకా. పాకిస్తాన్‌లో, బ్రిటన్‌లో ఇది నడుస్తోంది. బ్యాంకు కొన్నప్పుడు ఒకసారి, మీ పేరుకు మారినప్పుడు ఇంకోసారి, ఒకే ఇంటికి రెండుసార్లు స్టాంప్ డ్యూటీ పడుతోందని గుర్తించి బ్రిటన్ 2003లో చట్టమే మార్చింది. అయితే అద్దె ఎలా కడతారో చూడండి. హైదరాబాద్‌లో 40 లక్షల ఫ్లాట్‌కి నెలకు పది, పన్నెండు వేలు అద్దె వస్తుందనుకుంటే, ఏడాదికి మూడు, మూడున్నర శాతం. ఏ బ్యాంకూ దాంతో సరిపెట్టుకోదు. అందుకే చాలాచోట్ల ఆ అద్దెను మార్కెట్ వడ్డీ రేటుకే కట్టేస్తారు.

మిగిలింది ఖర్జె హసనా. ఇచ్చినంతే తిరిగి తీసుకోవడం. ఆధునిక ఇస్లామిక్ బ్యాంకింగ్ కథను 1963లో ఈజిప్టులోని మిత్ ఘమ్ర్ పొదుపు బ్యాంకుతో మొదలుపెట్టడం రివాజు. కానీ హైదరాబాద్‌లో 19వ శతాబ్దం చివర్లోనే వడ్డీలేని పరపతి సంఘాలు ఉన్నాయి. ఉస్మానియాలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశారు కూడా. ఈ కాలంలో పెద్ద ఉదాహరణ లాహోర్‌లో 2001లో 10,000 రూపాయల అప్పు ఇవ్వడంతో మొదలైన అఖువత్ అనే సంస్థ. అప్పులు మసీదుల్లో పంచుతుంది. 2010 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ వచ్చేదాకా మన ఊళ్లలో మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం తలుపు తట్టిన తీరు తలుచుకుంటే, ఆ పద్ధతి మీద గౌరవం పెరుగుతుంది.

కష్టం ఎక్కడంటే, ఆ సొమ్ము దాతల నుంచి రావాలి, ధరలు పెరిగేకొద్దీ దాని విలువ కరుగుతుంది. పావలా వడ్డీ పథకంలో మన డ్వాక్రా మహిళలు ఏడాదికి 3 శాతం కడితే మిగతాది ప్రభుత్వం భరించింది. ఇక్కడా అంతే, ఖర్చు మాయం కాదు, ఎవరో మోస్తారు. అందుకే కుట్టుమిషన్‌కి, ఆసుపత్రి బిల్లుకి ఇది సరిపోతుంది గానీ ఇంటికి, ఫ్యాక్టరీకి సరిపోదు.

నన్నడిగితే చిన్న అవసరానికి ఖర్జె హసనాయే. ఇంటికి తగ్గుతూ వచ్చే ముషారకా. మురాబహా మూడో స్థానం, అదీ ముందే తీరిస్తే తగ్గింపు ఎంతో రాతపూర్వకంగా ఉంటేనే.

మన దేశంలో అయితే ఈ ఎంపిక చాలావరకు లేదు. బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయకూడదని 1949 బ్యాంకింగ్ చట్టమే అంటుంది. వడ్డీలేని బ్యాంకింగ్‌కు దారి చూడమని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ చెప్పినా, 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచన పక్కన పెట్టేసింది. మిగిలినవి సహకార సంఘాలు, బంగారం కుదువ పెట్టుకుని అప్పిచ్చే బైతుల్‌మాల్‌లు. అక్కడికి వెళ్లినప్పుడు ఒకటి అడగండి: సర్వీస్ చార్జీ అందరికీ ఒకటేనా, లేక అప్పు ఎంత, ఎన్ని నెలలు అన్నదాన్ని బట్టి పెరుగుతుందా? పెరుగుతుందంటే, దాన్ని నెలకి నూటికి ఎంత పడిందో కౌంటర్ దగ్గరే లెక్క కట్టుకోండి.