క్రాంక్ పుల్లర్‌కి ఎడమ వైపు పదికి తొమ్మిది, కుడి వైపు మూడు

పర్లాకిమిడిలో ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి, మార్కులు వెయ్యకుండా ఉండలేను. సైకిల్ క్రాంకులు ఊడదీసే ఈ పనిముట్టుకీ వేశాను. ఎందుకలా వేశానో చెప్తాను.

రెండేళ్ల క్రితం విశాఖలో ఒకాయన వాడి అమ్మేసిన రోడ్ బైకు, అంటే సన్న టైర్ల సైకిల్, కొన్నాను. ఈ వానాకాలం నుంచి దానికి ఒక జబ్బు పట్టుకుంది. పాతపట్నం దాకా వెళ్లొస్తే నోరు మెదపదు. ఆర్.ఉదయగిరి వైపు ఎత్తు మొదలైతే చాలు, కుడి పెడల్ కిందికి దిగిన ప్రతిసారీ 'కిర్రు'మంటుంది. పెడళ్లు విప్పి గ్రీజు పెట్టాను, సీటు రాడ్డుకీ పెట్టాను. తగ్గలేదు. అనుమానం బీబీ మీదికి, అంటే పెడళ్ల మధ్య ఇరుసు తిరిగే బేరింగు మీదికి పోయింది. దాన్ని చూడాలంటే ముందు రెండు క్రాంకులూ, అంటే పెడళ్లు బిగించే చేతులు, ఊడాలి. అవి ఊడాలంటే పుల్లర్ కావాలి.

ఆన్‌లైన్‌లో 380 రూపాయలు. పేరూ ఊరూ లేని సరుకు. ఆరో రోజుకి వచ్చింది. డబ్బాలో కాగితం ముక్క కూడా లేదు. ఒక మార్కు అక్కడే పోయింది.

వస్తువు మాత్రం బరువుగా, గట్టిగా ఉంది. పైన ఉన్న మర క్రాంకు మూతిలోకి ఎక్కుతుంది. దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు, మరకీ మరకీ మధ్య 1 మిల్లీమీటరు. మధ్యలో ఇంకో స్క్రూ. దాన్ని పానాతో తిప్పితే ఇరుసు చివరను నెడుతుంది, ఇరుసు కదలదు కాబట్టి క్రాంకే బయటికి రావాలి. నా బైకుది నలుచదరం ఇరుసు. దాని ఒక్కో ముఖం 2 డిగ్రీల వాలుతో సన్నబడుతూ వస్తుంది. బోల్టు బిగించే కొద్దీ అల్యూమినియం క్రాంకు దాని మీదికి మేకులా దిగిపోతుంది. అందుకే బోల్టు తీసేసినా అది చలించదు.

పుల్లర్ కొసన ఊడే టోపీ ఒకటి ఇచ్చారు. అది బోలుగా ఉండే లావు ఇరుసులకి. నలుచదరం ఇరుసుకి దాన్ని తీసేయాలి. లేకపోతే అది రంధ్రంలో దూరక క్రాంకునే నొక్కుతుంది, మరలు పోతాయి. ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎడమ వైపు పది నిమిషాల పని. పాత టూత్‌బ్రష్‌తో మరల్లో మట్టి తీశాను, బోల్టు వెనకాల వాషర్ లోపలే ఉండిపోలేదు కదా అని టార్చి వేసి చూశాను, పుల్లర్‌ని చేత్తోనే చివరిదాకా ఎక్కించాను. నాలుగు తిప్పులకి క్రాంకు చేతిలోకి వచ్చింది. అన్నట్టు ఎడమ పెడల్‌కి ఉన్నట్టు ఎడమ క్రాంకు బోల్టుకి తిరగమర ఉండదు. రెండు వైపులా మామూలు మరే.

కుడి వైపుకి వచ్చేసరికి ధైర్యం ఎక్కువైంది. టూత్‌బ్రష్ పక్కన పడేశాను. పుల్లర్ రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంది, అది లోపలున్న మట్టి వల్ల. దిగిందిలే అనుకుని పానాకి నీళ్ల పైపు ముక్క తొడిగి బలం పెట్టాను. 'టక్'మంది. క్రాంకు ఊడిందని సంతోషించాను. తీరా చూస్తే పుల్లర్ చేతిలో, దాని మరల నిండా వెండి తీగల్లా అల్యూమినియం తురుము.

మా వీధి చివర సైకిల్ మేస్త్రి దగ్గరికి నడిపించుకెళ్లాను. ఆయన చూసీ చూడగానే సుత్తి అందుకున్నాడు. "కాటర్ పిన్ను ఎటుంది మాస్టారూ?" అన్నాడు. పాత నల్ల సైకిళ్లకైతే నట్టు తీసి పిన్ను మీద నాలుగు దెబ్బలేస్తే క్రాంకు వచ్చేస్తుంది. దీనికి పిన్నే లేదని తెలిశాక సుత్తి పక్కన పెట్టి బీడీ వెలిగించాడు. సుత్తి పెట్టేసినందుకే ఆయన మీద గౌరవం పెరిగింది.

"రాత్రికి తుప్పు ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున్నే మరిగిన నీళ్లతో రండి" అన్నాడు. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా ఇంచుమించు రెండింతలు సాగుతుంది. ఆయన ఆ లెక్కేమీ చెప్పలేదు, "వేడికి అది విచ్చుకుంటుంది బాబూ" అన్నాడంతే. పొద్దున్న కెటిల్ పట్టుకెళ్తుంటే మా ఆవిడ "టీ సైకిల్‌కా, మీకా?" అంది.

ఈలోగా మేస్త్రి పక్కనున్న మోటార్ వైండింగ్ షాపు నుంచి మూడు కాళ్ల బేరింగ్ పుల్లర్ తెచ్చాడు. ఆ షాపాయన మాటలో సగం తెలుగు, సగం ఒడియా. "భాయినా, పళ్లచక్రానికి తగిలించొద్దు, వంగిపోద్ది" అని అరుగు మీంచే హెచ్చరించాడు. దాని కాళ్లు పళ్లచక్రాన్ని మోసే క్రాంకు చేతుల వెనక్కి తగిలించాం. ఇరుసు చివర నలగకుండా బోల్టుని మళ్లీ రెండు చుట్లు ఎక్కించాం. కెటిల్ మొత్తం క్రాంకు మీద పోసి, మేస్త్రి మెల్లగా తిప్పాడు. ఒక తిప్పు, ఆగడం. ఇంకో తిప్పు, ఆగడం. మూడో తిప్పుకి తుపాకీ పేలినట్టు 'ఢాం'! అరుగు మీది పిల్లి పారిపోయింది. క్రాంకు వచ్చింది.

కిర్రుకి కారణం బీబీ కుడి కప్పు, అంటే బేరింగుని పట్టి ఉంచే మర గిన్నె. వదులై ఉంది. కుడి కప్పుకి తిరగమర కాబట్టి గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తుడిచి, గ్రీజు రాసి, బిగించాం.

మరలు పోయిన క్రాంకుతో తొక్కడానికి ఇబ్బందేమీ లేదు. కాకపోతే ఈసారి విప్పాలన్నా ఆ మూడు కాళ్ల సాధనమే గతి. బోల్టు 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగువుతో ఉండాలి. మేస్త్రి దగ్గర ఆ బిగువు కొలిచే టార్క్ రెంచి లేదు, అప్పటికి చేతి అంచనాతోనే బిగించాం. టార్క్ రెంచి నేనే తెప్పిస్తున్నాను.

ఇక మార్కుల సంగతి. కుడి వైపు పోయిన ఏడింటిలో అయిదు నావే, మిగతా రెండు ఆ ఖాళీ డబ్బావి. కొనొచ్చా అంటే కొనండి. టూత్‌బ్రష్ మీ ఇంట్లోదే వాడుకోండి.

మేస్త్రి వంద తీసుకున్నాడు. వైండింగ్ షాపాయన ఏమీ తీసుకోలేదు. "ఇంట్లో తిరగని ఫ్యానుందా భాయినా?" అని మాత్రం అడిగాడు. ఉంది. సాయంత్రం బైకు వెనక కట్టుకెళ్లి ఇచ్చొచ్చాను.