శుక్లాల ఆపరేషన్‌కు మత్తు: చుక్కలా, సూదా, సబ్‌టెనాన్ బ్లాకా?

ఆపరేషన్‌కు తేదీ రాసివ్వగానే ఇచ్ఛాపురం వాళ్లయినా, టెక్కలి వాళ్లయినా నన్ను అడిగేది ఒకటే: "కంట్లో సూది ఎయ్యాలేటి బాబూ? సుక్కలతో అయిపోదా?"

చుక్కలతో అవుతుంది, కానీ అందరికీ కాదు. చుక్కలకు కన్ను మొద్దుబారుతుందే తప్ప కదలడం ఆగదు. ఫేకో (చిన్న కోతలోంచి శుక్లాన్ని శబ్ద తరంగాలతో ముక్కలు చేసి తీసే పద్ధతి) అయి, పేషెంటు చెప్పిన మాట విని లైటు వైపే చూస్తూ ఉండగలిగితే చుక్కలు చాలు. చెవులు సరిగా వినపడని తాతకు, బాగా ముదిరిన శుక్లానికి మాత్రం వద్దంటాను.

సూది అంటే ఎక్కువగా పెరిబల్బార్ బ్లాక్. కనుగుడ్డు చుట్టూ మందు ఎక్కించి పది నిమిషాలు ఆగితే కన్ను కదలదు. ఖర్చు తక్కువ, ఏళ్లుగా లక్షల ఆపరేషన్లు దీంతోనే జరిగాయి. నాకు నచ్చనిది ఒక్కటే, సూది మొన లోపల ఎక్కడుందో డాక్టరుకు కనపడదు. అరుదుగానైనా రక్తనాళం తెగితే కనుగుడ్డు వెనక రక్తం చేరి కన్ను ముందుకు ఉబ్బుతుంది. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న వాళ్లకు కనుగుడ్డు పొడవుగా ఉంటుంది కాబట్టి సూది దానికి గుచ్చుకునే భయమూ ఉంది.

మన శ్రీకాకుళం జిల్లాలో ఈ రక్తం చేరే భయం చిన్న విషయం కాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి డయాలసిస్ పేషెంట్లు వస్తారు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా హెపారిన్ ఇస్తారు. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లూ తక్కువేం కాదు.

ఇలాంటివాళ్లకు చుక్కలు సరిపోకపోతే నా ఓటు సబ్‌టెనాన్‌కే. ముందు చుక్కలు వేసి, "పైకి, చెవి వైపు చూడమ్మా" అంటాం. ముక్కు వైపు కింది మూలలో తెల్లగుడ్డు మీది పొరను చిన్న కత్తెరతో రవ్వంత తెరిచి, మొన లేని వంపు కాన్యులాను (సన్న గొట్టాన్ని) లోపలికి జార్చి 3 నుంచి 5 మి.లీ. మందు వదులుతాం. కాస్త ఒత్తిడి తెలుస్తుంది. మర్నాడు తెల్లగుడ్డు ఎర్రగా కనపడితే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు గానీ, ఒకటి రెండు వారాల్లో అదే పోతుంది. ఇందులోనూ రిస్కు సున్నా కాదు. ఇదివరకే రెటీనా ఆపరేషనో, గ్లకోమా (నీటికాసులు) ఆపరేషనో అయిన కంట్లో పొరలు అతుక్కుని కష్టమవుతుంది.

కనుగుడ్డు వెనక్కి వేసే పాత రెట్రోబల్బార్ సూది ఇప్పుడు బాగా తగ్గింది. పూర్తి మత్తు పిల్లలకు, కదలకుండా పడుకోలేని వాళ్లకు.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, చీటీలన్నీ తెచ్చి చూపించండి. డయాలసిస్ అయిన మర్నాడు ఆపరేషన్ పెట్టించుకోండి. అప్పటికి హెపారిన్ ప్రభావం పోతుంది, ఒంట్లో నీరూ తగ్గి ఆయాసం లేకుండా వెల్లకిలా పడుకోగలుగుతారు.