ఒచనొమిజు పెడల్ యాత్ర: ఎక్కడ దిగాలి, ఎక్కడ వాయించి చూడాలి

గిటార్ పెడల్స్ (గిటార్ సౌండ్‌ను మార్చే, కాలితో తొక్కే చిన్న పెట్టెలు) కోసం టోక్యో వెళ్లేవాళ్లు ముందుగా షాపుల జాబితా రాసుకుంటారు. ఆ జాబితా లేకపోయినా నష్టం లేదు, షాపులు చాలావరకు ఒచనొమిజు అనే ప్రాంతంలో ఒకే రోడ్డు మీద వరసగా కనిపిస్తాయి. ముందే ఖాయం చేసుకోవాల్సినవి వేరే రెండున్నాయి: కొన్న పెడల్‌ని బ్యాండ్ వాల్యూమ్‌లో వాయించడానికి ఒక రిహార్సల్ గది, ఏదైనా తేడా తేలితే మర్నాడే షాపుకి తిరిగి వెళ్లగలిగేంత దగ్గర్లో ఒక బస. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా సులువే.

అసలు టోక్యోనే ఎందుకంటే, పేరున్న వాయిద్యకారుల సౌండ్‌ను మార్చేసిన పెట్టెల్లో చాలా భాగం ఈ దేశంలో పుట్టినవే. జిమి హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్‌లో వాడిన యూనీ-వైబ్ షిన్-ఎయి కంపెనీ తయారీ. స్టీవీ రే వాన్ కాలి కింద ఉన్న ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్‌ను (సౌండ్‌ను మెత్తగా పగిలేలా చేసే పెడల్) తయారుచేసింది మాక్సన్ పేరుతో పెడల్స్ అమ్మే నిషిన్ ఒంపా. కర్ట్ కొబేన్ తొక్కిన డీఎస్-1 డిస్టార్షన్ (సౌండ్‌ను గట్టిగా పగలగొట్టే పెడల్), జాన్ ఫ్రుషాంటే వాడిన సీఈ-1 కోరస్ (ఒక గిటార్ రెండుగా వినిపించేలా చేసేది), స్వీడన్ డెత్ మెటల్ బ్యాండ్లు నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి పెట్టిన హెచ్ఎం-2, ఇవన్నీ బాస్ కంపెనీవి. పాత సరుకు పుట్టిన చోటే ఎక్కువగా చేతులు మారుతుంది కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో ఇంత ఎంపిక ఇంకెక్కడా దొరకడం కష్టం.

ఒచనొమిజు స్టేషన్‌కు నారింజ రంగు చూఒ లైన్, పసుపు రంగు సోబు లైన్ రెండూ వస్తాయి. హిజిరిబాషి వైపు కాకుండా ఒచనొమిజుబాషి వైపు బయటికి రావాలి. అక్కడి నుంచి మేయిదాయ్-దోరి రోడ్డు సురుగదాయ్-షితా కూడలి దాకా పల్లంగా దిగుతుంది. గిటార్ షాపులన్నీ ఈ కాస్త దూరంలోనే, రెండు పక్కలా ఉంటాయి. చాలావరకు ఉదయం 11 గంటల ప్రాంతంలో తెరుస్తారు. శని, ఆదివారాలు కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతుంది, వాయించి చూడటానికి వంతు కోసం నిలబడాలి. మంగళవారమో బుధవారమో తెరవగానే వెళ్తే పనివాళ్లు తీరిగ్గా దగ్గరుండి చూపిస్తారు.

ముందు రోడ్డు మొత్తం ఒకసారి దిగి, ధరలు ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఎక్కుతూ కొనడం మంచిది. ఒకే మోడల్ సెకండ్ హ్యాండ్ పెడల్‌కు పక్కపక్క షాపుల్లోనే ధర తేడాగా ఉంటుంది. పెట్టె, కాగితాలు ఉన్నదానికి ఎక్కువ, వెల్క్రో అంటించి తీసిన మరకలున్నదానికి తక్కువ. వాయించే మనిషికి ఆ మరకలతో పనేముంది? తక్కువదే తీసుకోండి. షిమోకురా అనే షాపుకు సెకండ్ హ్యాండ్ సరుకు కోసమే విడిగా దుకాణం ఉంది. పాత బాస్, ఐబనెజ్ పెడల్స్‌కు మొదట అక్కడ చూడాలి. ఇషిబాషిలో కొత్తవి, పాతవి రెండూ దొరుకుతాయి. షిబుయాలోని ఇకెబే లాంటి పెద్ద షాపులు కొత్త మోడల్స్‌కు, చిన్న తయారీదారుల చేతి పెడల్స్‌కు బాగుంటాయి గానీ, పాతవాటి కోసం అంతదూరం పోనక్కర్లేదు.

అద్దాల బీరువాలోది సొంతంగా తీయకండి. "షిసో దెకిమాస్ కా?" (వాయించి చూడొచ్చా?) అని అడిగితే చాలు, పనివాడు పెడల్ తీసి, స్టూలు వేసి, ఆంప్ (ఆంప్లిఫైయర్) ఆన్ చేసి ఇస్తాడు. గిటార్ కూడా వాళ్లే ఇస్తారు. మీ ఇంట్లోని గిటార్ పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) సింగిల్ కాయిలా, హంబకరా అన్నది చెప్పి అలాంటిదే అడగండి. షాపు టెస్ట్ బోర్డు మీద ముందే నాలుగైదు పెడల్స్ వరసగా ఉంటే, మీరు కొనబోయేదాన్ని వాటి మధ్యలో పెట్టనివ్వొద్దు. ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్) విషయంలో ఇది మరీ ముఖ్యం. ఫజ్ ఫేస్ రకం సర్క్యూట్ గిటార్ పికప్‌కి నేరుగా తగులుకుని ఉండాలి. ముందు బాస్ పెడల్ ఉంటే, అది ఆఫ్‌లో ఉన్నా దాని బఫర్ (సిగ్నల్ బలం తగ్గకుండా లోపల పెట్టే సర్క్యూట్) మధ్యలో అడ్డుపడుతుంది. అప్పుడు ఫజ్ కీచుగా వినిపిస్తుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. మంచి ఫజ్‌ని ఇలా విని వదిలేసి వచ్చేవాళ్లు చాలామంది.

పాతదాన్ని చూసేటప్పుడు మొదట చెయ్యి పెట్టాల్సింది బ్యాటరీ గదిలో. స్నాప్ (బ్యాటరీకి తగిలించే క్లిప్) మీద పచ్చటి పొడి ఉంటే బ్యాటరీ కారిందన్నమాట. బోర్డు మీదికి పాకి ఉంటే వద్దు. తర్వాత కేబుల్ పెట్టి జాక్ దగ్గర మెల్లగా కదపండి, చిటపటలు వస్తే జాక్ వదులైంది. నాబ్ తిప్పేటప్పుడు గరగరలాడితే భయం లేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒకచోట శబ్దం పూర్తిగా తెగిపోతే పొటెన్షియోమీటర్ (నాబ్ కింద తిరిగే భాగం) మార్చాల్సిందే. బాస్ డీఎం-2 లాంటి అనలాగ్ డిలే (వాయించినదాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే పెడల్) అయితే రిపీట్ రేటు చివరిదాకా పొడిగించి, వాయించకుండా వినండి. వెనకాల సన్నటి ఈల వినిపించినా, రిపీట్లు మరీ బురదగా వచ్చినా, లోపలి ట్రిమ్మర్లను (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్‌లను) ఎవరో కెలికి ఉండొచ్చు. అదే డీఎం-2లో మొదటివాటిలో ఎంఎన్3005 చిప్, తర్వాతవాటిలో ఎంఎన్3205 ఉంటుంది. మొదటిదానికి ధర ఎక్కువ అడుగుతారు. చెవికి తేడా తెలియకపోతే ఆ డబ్బు ఇవ్వడం దండగ.

ఇక ఏసీఏ, పీఎస్ఏ గొడవ. ఇవి బాస్ పాత, కొత్త అడాప్టర్ల పేర్లు. పాత బాస్ పెడల్ అడాప్టర్ జాక్ దగ్గర ఏసీఏ అని ఉంటే, అది రెగ్యులేషన్ లేని (వోల్టేజీ నిలకడగా ఉండని) పాత అడాప్టర్ కోసం చేసింది. ఆ అడాప్టర్ పేరుకి 9 వోల్టులైనా తక్కువ లోడ్‌లో 12 దాకా ఇచ్చేది, అందుకని లోపల వోల్టేజీ తగ్గించే ఒక రెసిస్టర్, డయోడ్ పెట్టారు. దానికి ఇప్పటి 9 వోల్టుల పీఎస్ఏ అడాప్టర్ తగిలిస్తే సర్క్యూట్‌కు చాలినంత వోల్టేజీ అందక లైటు మసకగా వెలుగుతుంది, సౌండ్ నీరసంగా వస్తుంది. పెడల్ పాడైందని షాపువాళ్లతో వాదించే ముందు 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి, సరిగ్గా పలుకుతుంది. డెయిజీ చెయిన్‌లో (ఒకే అడాప్టర్ నుంచి చాలా పెడల్స్‌కు పాయలుగా వెళ్లే వైరు) ఇంకో పీఎస్ఏ పెడల్‌తో కలిపి, రెంటి మధ్య ప్యాచ్ కేబుల్ (సిగ్నల్ వైరు) వేసినా సరిగ్గానే పలుకుతుంది, ఎందుకంటే గ్రౌండ్ ఆ కేబుల్ గుండా తిరిగి వచ్చి, రెసిస్టర్‌ను తప్పించేస్తుంది. ఐసొలేటెడ్ పవర్ సప్లై (ఒక్కో పెడల్‌కు విడి అవుట్‌లెట్ ఉండేది) వాడేవాళ్లు మాత్రం దీనికి 12 వోల్టుల అవుట్‌లెట్ కేటాయించాలి.

షాపులో విన్న సౌండ్‌ను నమ్మి ఓవర్‌డ్రైవ్ కొనకూడదు. ట్యూబ్ స్క్రీమర్‌నే ఉదాహరణగా తీసుకోండి. దాని క్లిప్పింగ్ దశ (సౌండ్‌ను పగలగొట్టే భాగం) సుమారు 720 హెర్ట్జ్ కన్నా కింది స్వరాలను తక్కువగా పెంచుతుంది, టోన్ నాబ్ పైవాటిని కోస్తుంది, చివరికి మధ్య స్వరాలు ముందుకొస్తాయి. చిన్న ఆంప్‌లో నెమ్మదిగా వాయిస్తే ముక్కుతో పాడినట్టు ఉంటుంది. స్టీవీ రే వాన్ దాన్ని వాడిన పద్ధతి వేరు: డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ, ముందే సౌండ్ పగలడానికి సిద్ధంగా ఉన్న ట్యూబ్ ఆంప్‌ని ఇంకాస్త తోయడం. బేస్, డ్రమ్స్ తోడైతే ఆ ముక్కుగొంతే గిటార్‌ని పైకి తేలుస్తుంది. షాపులో ఇదంతా వినే వీల్లేదు.

అందుకే రిహార్సల్ స్టూడియో. టోక్యోలో నోవా, పెంటా లాంటి గొలుసు స్టూడియోలకు షిబుయా, షింజుకు చుట్టుపక్కల శాఖలున్నాయి. వాటిలో ఒకరిద్దరికి మాత్రమే ఇచ్చే "కోజిన్ రెన్‌షూ" (సొంత సాధన) రేటు బ్యాండ్ రేటుకన్నా చాలా తక్కువ, గంటకు వెయ్యి యెన్‌లకు కాస్త అటూ ఇటూ. మెలిక ఏంటంటే ఈ రేటుకి నెల ముందు బుకింగ్ ఇవ్వరు. ముందురోజు రాత్రి నుంచో, అదే రోజో ఖాళీ ఉంటేనే. పగటిపూట గదులు తేలిగ్గా దొరుకుతాయి, సాయంత్రం ఆరు దాటితే బ్యాండ్లు నింపేస్తాయి. మొదటిసారి సభ్యత్వ ఫారం నింపాలి, గిటార్ కౌంటర్‌లో అద్దెకిస్తారు. గంట అంటే సరిగ్గా గంటే. సర్దుకునే సమయం కూడా అందులోదే, చివరి పది నిమిషాలు వదిలేసి లెక్క వేసుకోండి.

దాదాపు ప్రతి గదిలోనూ రోలాండ్ జేసీ-120 ఆంప్ ఒకటి, మార్షల్ ఆంప్ ఒకటి ఉంటాయి. రెండూ ఉన్న గదే అడగండి. మార్షల్‌ని సౌండ్ కొద్దిగా పగిలేదాకా పెంచి, ట్యూబ్ స్క్రీమర్ డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ మూడొంతుల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. డిస్టార్షన్ పెడల్‌కి జేసీ మంచి పరీక్ష: దాని క్లీన్ టోన్ ఏమీ దాచదు. బ్రైట్ స్విచ్ ఆపి, ట్రెబుల్ సగానికి దించాక కూడా డీఎస్-1 చెవిలో గుచ్చుతుంటే టోన్ నాబ్ పావుకు తేవాలి. కోరస్ కొనేవాళ్లకి ఇక్కడే ఇంకో లాభం ఉంది. 1975లో వచ్చిన జేసీ-120లోని కోరస్ సర్క్యూట్‌నే 1976లో విడిగా పెట్టెలో పెట్టి సీఈ-1గా అమ్మారు. సీఈ-1కి భారీ ధర పెట్టే ముందు, ఆంప్ కోరస్ స్విచ్ వేసి రెండు స్పీకర్ల మధ్యలో నిలబడి వినండి. ఒక స్పీకర్‌లో మామూలు సిగ్నల్, రెండో దాంట్లో స్వరం ఊగే సిగ్నల్. కోరస్ పుట్టేది ఆ రెంటి మధ్య గాలిలో. మీరు ఒకే ఆంప్‌తో మోనోలో వాయించేవాళ్లైతే సీఈ-1 ఇంత విశాలంగా వినిపించదు. అప్పుడు 1979 నాటి సీఈ-2 చాలు, 9 వోల్టుల మీద నడుస్తుంది, సంచిలో పడుతుంది.

సీఈ-1 కొనాలనే గట్టిగా అనుకుంటే గుర్తుంచుకోండి, అది నేరుగా గోడ కరెంటుతో నడిచే పెట్టె, జపాన్‌లో అమ్మింది 100 వోల్టులది. 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 230 నుంచి 100కి దించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పెడల్ తినేది కొద్ది వాట్లే కాబట్టి 50 వాట్లది సరిపోతుంది. ఇదే తప్పు అడాప్టర్లతోనూ జరుగుతుంది. పెడల్‌తో పాటు ఉచితంగా ఇచ్చారని బాస్ పీఎస్ఏ-100 తెచ్చుకుని ఇంట్లో పెడితే అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ 100 అన్నది వోల్టేజీ. ఇన్‌పుట్ దగ్గర 100-240 అని రాసి ఉంటేనే తెచ్చుకోవాలి.

పెడల్స్‌ని సొంతంగా విప్పేవాళ్లు అకిహబరాకి అరపూట ఇవ్వొచ్చు. ఒచనొమిజు నుంచి సోబు లైన్‌లో ఒకే స్టేషన్, నడిచినా పావుగంట. అకిజుకి దెన్షిలో చిల్లర పార్టులు, సెన్‌గోకులో ఫుట్‌స్విచ్‌లు, జాక్‌లు చూడొచ్చు. ట్యూబ్ స్క్రీమర్ మోడల్ టీఎస్9ని పాత టీఎస్808లా మార్చడానికి అవుట్‌పుట్ దగ్గర రెండే రెండు రెసిస్టర్లు మారాలి: 470 ఓమ్‌ల స్థానంలో 100 ఓమ్‌లు, 100 కిలో ఓమ్‌ల స్థానంలో 10 కిలో ఓమ్‌లు. పావు వాట్‌వి చాలు. నిజం చెప్పాలంటే తేడా చాలా చిన్నది, 808 అన్న పేరుకు పెట్టే ధరకి ఏమాత్రం సరితూగదు. టంకం పని మాత్రం ఇంటికెళ్లాకే. హోటల్ గదిలో పొగ డిటెక్టర్ మోగితే దాని సంజాయిషీ జపనీస్‌లో చెప్పుకోవాల్సి వస్తుంది.

హార్డ్ ఆఫ్ అనే పాత సామాన్ల గొలుసు షాపుల గురించి అడిగేవాళ్లుంటారు. 'జంక్' బుట్టల్లో అగ్గువకి పెడల్స్ దొరుకుతాయి, కానీ జంక్ అంటే పనిచేసినా చేయకపోయినా వాపసు లేదు. టంకం పట్టుకోవడం రానివాళ్లు ఆ వైపు వెళ్లొద్దు.

బసకి కందా, అకిహబరా చుట్టుపక్కల బిజినెస్ హోటళ్లు అన్నిటికన్నా అనువు. షాపులకు నడక దూరం, స్టూడియో కోసం షింజుకు వెళ్లాలన్నా ఒచనొమిజు నుంచి చూఒ రాపిడ్‌లో పది నిమిషాలే. షిబుయాలో దిగితే స్టూడియోలు దగ్గర, కానీ గది అద్దె ఎక్కువ, పాత పెడల్స్ దూరం. ఎక్కడైనా గది చిన్నదే. సూట్‌కేసు తెరిస్తే నేల నిండిపోతుంది, పెడల్స్ వరసగా పెట్టుకోవాలంటే మంచమే దిక్కు. గోడలు పలచన కాబట్టి రాత్రి హెడ్‌ఫోన్ ఆంప్ తప్ప ఇంకేదీ వద్దు. సాకెట్లు రెండు చదునైన పిన్నులవి; మన గుండ్రటి పిన్నులు దూరవు, ప్లగ్ కన్వర్టర్ వెంట ఉంచుకోవాలి.

పన్ను మినహాయింపుకి అసలు పాస్‌పోర్ట్ కావాలి, ఫొటో చెల్లదు. ఒకే రోజు ఒకే షాపులో పన్ను కాకుండా 5,000 యెన్‌లు, ఆ పైన కొంటే 10 శాతం వినియోగ పన్ను తగ్గిస్తారు. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతుంది: ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ దగ్గర చూపించాక డబ్బు వెనక్కి వస్తుంది. అంటే కొన్న పెడల్స్ అధికారులు అడిగితే చూపించగలిగేలా సర్దుకోవాలి.

ఒక్కో బాస్ కాంపాక్ట్ పెడల్ అరకిలోకి కాస్త తక్కువ. పది కొంటే నాలుగు కిలోలు, క్యాబిన్ బ్యాగ్ పరిమితి 7 కిలోలైతే సగం పైన అదే తింటుంది. అయినా పాతవాటిని చెకిన్‌లో వేయొద్దు. బ్యాటరీలు తీసేసి, నాబ్‌లు ఒకదానికొకటి తగలకుండా సాక్సుల్లో దూర్చి, తనిఖీలో బ్యాగ్ తెరవమంటే ఒక్కసారిగా బయటికి వచ్చేలా పైనే పెట్టండి. పెట్టెలు కావాలనుకుంటే మడత విప్పి పలకలుగా చేసి చెకిన్ సూట్‌కేసు అడుగున వేసుకోవచ్చు.